ఎదుటి భుజం

చదువెంత అని ఎవరైనా అడిగితే పద్మారాణి "దస్వీ ఫేల్" అని, పది తప్పానని చెప్పేది. అడిగింది తెలుగువాళ్లయినా, గుజరాతీవాళ్లయినా అదే జవాబు. చెప్పి వెంటనే మాట మార్చేది.

ఆమె సూరత్‌లోనే పుట్టింది. తండ్రి సిరిసిల్ల దిక్కు నుంచి మరమగ్గాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఏడో తరగతి దాకా తెలుగు బడి, ఆ పైన హిందీ మీడియం. చదువులో మొద్దేమీ కాదు. అయితే పదో తరగతిలో ఉండగా, చలికాలంలో, తల్లికి కామెర్లు ముదిరి మంచం పట్టింది. వంట, నీళ్లు, తల్లి మందులు అన్నీ పద్మ మీద పడ్డాయి. ఆమె బడి మానిన ఆ రోజుల్లోనే మాస్టారు త్రికోణమితి మొదలుపెట్టి పూర్తి కూడా చేసేశాడు. మళ్లీ బడికి వెళ్లేసరికి బోర్డు మీద సైన్, కాస్, టాన్ అని ఏవో రాసి ఉన్నాయి. పిల్లలంతా తెలిసినట్టు తలలూపుతున్నారు. ఇవేమిటని లేచి అడగడానికి ఆమెకు సిగ్గేసింది. పరీక్షలో ఆ లెక్కలన్నీ వదిలేసింది. మిగతావన్నీ పాసై గణితం ఒక్కటి పోయింది. మరుసటి ఏడే పెళ్లి చేసేశారు.

భర్త సోమలింగం సిరిసిల్ల పక్క పల్లెటూరివాడు. పది పాసై, ఇంటర్ మధ్యలో మానేసి సూరత్ ఖటోదరాలో సాంచాలు నడపడానికి వచ్చాడు. మరమగ్గాలను వాళ్లు సాంచాలంటారు. కాపురం భేస్తాన్‌లో, వరసగా గదులున్న పాత బిల్డింగులో, మూడో అంతస్తులో ఒక గది. ఒక వారం పగటి పాళీ, ఒక వారం రాత్రి పాళీ. అతను వచ్చేసరికి ఆమె పనిలో ఉండేది, ఆమెకు తీరిక దొరికేసరికి అతను నిద్రలో ఉండేవాడు. ఆమె ఇంట్లోనే చీరల మీద వేలాడే దారాలు కత్తిరించే పని చేసేది. అతను తిని, పడుకుని, లేచి వెళ్లిపోయేవాడు. కొట్టడం, తిట్టడం ఏనాడూ లేదు. మాటలే తక్కువ.

ఏళ్ల తరబడి సాంచాల చప్పుడు మధ్య నిలబడి సోమలింగానికి చెవులు మందగించాయి. తన మాట తనకే సరిగా వినపడదు కాబట్టి గట్టిగా మాట్లాడేవాడు. ఆమె కూడా గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చేది. పక్క గదిలో ఉండే ముసలామె ఐలమ్మ నవ్వేది. "మీ ఇంట్ల ఏం కూర వండిండ్రో కింద దుకాణపోనికి గూడ తెలుస్తది బిడ్డా" అనేది. అందుకే వాళ్లిద్దరూ అవసరమైనంత వరకే మాట్లాడుకోవడం అలవాటు చేసుకున్నారు. ఒక్కతే కూతురు సుమన.

లాక్‌డౌన్ వచ్చి సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. చుట్టుపక్కల ఒడియా వాళ్లు, యూపీ వాళ్లు మూటలు కట్టుకుని రైళ్ల కోసం ఎదురుచూస్తున్నారు. సోమలింగం ఎక్కడికీ పోలేదు. సరుకులిస్తున్న చోట వరసలో నిలబడి పిండి, పప్పు తెచ్చేవాడు. మిగతా రోజంతా గదిలో ఏం చేయాలో తోచక, గోడకానుకుని కూర్చునేవాడు. అన్నేళ్ల కాపురంలో వాళ్లిద్దరూ పట్టపగలు ఒకే గదిలో అంతసేపు ఉండటం అదే మొదటిసారి.

సుమన తొమ్మిది పూర్తి చేసింది. పదో తరగతి పుస్తకాలు పక్క బిల్డింగు పిల్ల దగ్గర పాతవి అడిగి తెచ్చుకుంది. ఒకరోజు పొద్దున పద్మారాణి గణితం పుస్తకం తీసి ఒక పేజీ దగ్గర ఆగిపోయింది.

"ఏందే, అంత తీరుగ సూస్తన్నవ్?" అన్నాడు సోమలింగం.

"గీ పాఠమే. నా దస్వీని మింగింది గిదే."

అతను పుస్తకం అందుకున్నాడు. హిందీ పుస్తకం. చదవడం కష్టమే గానీ బొమ్మ చూసి గుర్తుపట్టాడు. "అరె, త్రికోణమితి! మాకు తెలుగుల ఉండె. ఎదుటి భుజం, ఆసన్న భుజం, కర్ణం."

"మాకు లంబ్, ఆధార్, కర్ణ్."

"ఆధార్ ఏందే? కార్డా?"

సుమన పకపకా నవ్వింది. "కార్డు గాదు బాపూ, కింది గీత!"

"ఇద్దరికి కర్ణం ఒక్కటే కలిసింది, తియ్" అన్నాడు సోమలింగం. చాక్‌పీసు తెమ్మని, నేల మీద చాప జరిపి పెద్ద త్రిభుజం గీశాడు.

"గిదిగో, ఈ మూల సక్కగ ఉన్నది. గోడ నేల కల్సిన తీరు. తొంభై. దీన్ని ఇడిసెయ్. మిగిలిన రెండు మూలలల్ల ఒకదాన్ల నువ్వు నిలబడ్డవనుకో. నీకు ఎదురుంగ ఉన్నది ఎదుటి భుజం. నిన్ను ఆనుకోని నేల మీదున్నది ఆసన్న భుజం. ఏటవాలుగ, అన్నిట్ల పొడుగున్నది కర్ణం."

పద్మారాణి ఆ మూల దగ్గర కూర్చుంది. కాసేపు చూసి జరిగి పై మూలకు వచ్చింది. "మరి నేను గిక్కడికొస్తే?"

"అప్పుడు మారిపోతయ్. ఎదుటిది పక్కదైతది, పక్కది ఎదుటిదైతది. కర్ణం మాత్రం కర్ణమే."

పద్మారాణికి ఇన్నేళ్లూ తెలియని సంగతి అది. లంబ్ అంటే నిలువు గీతేనని ఆమె బట్టీ పట్టింది. మనం ఏ మూల నుంచి చూస్తున్నామో దాన్ని బట్టి పేరు మారుతుందని ఎవరూ చెప్పలేదు. అంత చిన్న ముక్క తెలియక తాను ఫేలయిందా అని ఆమెకు కోపం వచ్చింది. ఆ వెనకే నవ్వూ వచ్చింది.

అలా మొదలైంది. రోజూ పొద్దున పనులయ్యాక ఇద్దరూ చాప జరిపి కూర్చునేవారు. సోమలింగం గొప్ప పంతులేమీ కాదు. సగం మరిచిపోయాడు. సైన్ అంటే పక్క భుజాన్ని కర్ణంతో భాగించాలని ధీమాగా చెప్పాడు. వారం పాటు ఇద్దరూ దాంతోనే లెక్కలు చేశారు. జవాబులు పుస్తకంతో ఒక్కటీ కలవలేదు. పుస్తకమే తప్పని కూడా అనుకున్నారు. చివరికి సుమన చూసి నెత్తి కొట్టుకుంది. "ఉల్టా చేస్తన్నవ్ బాపూ! సైన్‌కి ఎదుటి భుజం. పక్క భుజమైతే కాస్ అయితది. ఎదుటి దాన్ని పక్క దానితోని భాగిస్తే టాన్."

"వారం సంది నా మొగడు నాకు కాస్‌ను సైన్ అని అంటగట్టిండు" అని పద్మారాణి గట్టిగా నవ్వింది. పక్క గది నుంచి ఐలమ్మ తొంగిచూసి, "ఏందిరా సోమలింగం, పొద్దుగాల సంది గీ భుజాల పంచాయితీ?" అంది. అతనేం చెప్పినా వరండా అంతా వినపడేది మరి. కొన్నాళ్లకు వరండాలో ఆడుకునే పిల్లలు కూడా, అర్థం తెలియకుండానే, "ఎదుటి భుజం బై కర్ణం" అని పాటలా పాడటం మొదలుపెట్టారు.

ఆమెకు ఒక అనుమానం తీరలేదు. "త్రిభుజం చిన్నగుంటది, పెద్దగుంటది. సైన్ ముప్పై మాత్రం ఎప్పుడు సగమే అంటరు. ఎట్ల?"

అతను ఆమెను మర్నాడు పొద్దున డాబా మీదికి తీసుకెళ్లాడు. చీపురు కట్ట ఒకటి, దాంట్లో సగం పొడుగున్న పప్పుగుత్తి ఒకటి ఎండలో నిలబెట్టాడు. చీపురు నీడ పొడుగు, గుత్తి నీడ పొట్టి. దారంతో కొలిచి చూస్తే గుత్తి నీడ చీపురు నీడలో సరిగ్గా సగం వచ్చింది.

"సూసినవా? కట్టె పెద్దగైతే నీడ గూడ పెద్దగైంది. రెండు కలిసే పెరుగుతయ్, కలిసే తగ్గుతయ్. ఒకదాంతోని ఒకటి భాగిస్తే వచ్చేది మాత్రం మారదు. ఎందుకంటే సూర్యుడు రెండిటికి ఒక్క కోణంలనే ఉన్నడు."

చెప్తూ చెప్తూ అతనికే మొదటిసారి అర్థమైనట్టు ముఖం వెలిగింది. పదో తరగతిలో తానూ బట్టీ పట్టే పాసయ్యాడని అప్పుడు ఒప్పుకున్నాడు.

ఇంకోరోజు చీపురు నీడ చీపురంతే ఉన్నప్పుడు, అంటే సూర్యుడు నలభై అయిదు డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు, కిందికి పరుగెత్తి బిల్డింగు ఆవరణలోని నీళ్ల ట్యాంకు నీడ కొలిచారు. టేపు లేదు. పద్మారాణి పాత చీర తెచ్చింది. చీర ఐదున్నర మీటర్లు. ట్యాంకు నీడ రెండు చీరలు, ఇంకొంచెం. "టాన్ నలభై అయిదు ఒకటి. అంటే ఎత్తెంతో నీడంత. ట్యాంకు పన్నెండు మీటర్లు" అంది పద్మారాణి. పైకి ఎక్కకుండా, ఎవర్నీ అడగకుండా ఒక వస్తువు ఎత్తు చెప్పగలగడం ఆమెకు వింతగా, గర్వంగా అనిపించింది. చీర మడత పెడుతూ ఆ అంకె రెండుసార్లు పైకి అనుకుంది.

మే నెలాఖరున మిట్టమధ్యాహ్నం చీపురు నిలబెడితే నీడే లేదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నాడు.

"గిప్పుడు కోణం తొంభై" అన్నాడు సోమలింగం. "టాన్ తొంభై ఎంత?"

"ఎత్తును నీడతోని భాగించాలె. నీడ సున్న." ఆమె ఆగింది. "సున్నతోని భాగించరాదు గదా."

"గందుకే పుస్తకంల దానికి ఇలువ లేదని రాసిండ్రు."

ఇద్దరూ ఎండలో చెమటలు కారుతుండగా, నీడ లేని చీపురు వైపు చూస్తూ నిలబడ్డారు. కింది నుంచి సుమన, "పిచ్చి లేసిందా మీకు, ఎండల!" అని అరిచింది.

తర్వాత రోజుల్లో పద్మారాణి ఐలమ్మతో ఒక మాట అంది. "ముఖం సూసుకుంట గంతసేపు ముచ్చట పెట్టుడు పెండ్లయినంక గిదే అవ్వా. ముచ్చటేందంటే సైనూ కాసూ."

వానాకాలంలో సాంచాలు మెల్లగా మొదలయ్యాయి. సోమలింగం మళ్లీ పాళీలకు పోయాడు. అయినా చాప జరపడం మానలేదు. సెలవు రోజు పొద్దున్నే చాక్‌పీసు పట్టుకునేవాడు. ఆ ఏడు పద్మారాణి మళ్లీ పదో తరగతి గణితం పరీక్షకు కట్టింది. కట్టమన్నది అతనే. సుమనది కూడా అదే తరగతి. "మా ఇంట్ల ఇద్దరు దస్వీలు" అని కార్ఖానాలో అందరికీ చెప్పుకున్నాడు. ఒకే ఫోన్. సుమన ఆన్‌లైన్ క్లాసు వింటుంటే తల్లి వెనక కూర్చుని దారాలు కత్తిరిస్తూ తనూ వినేది.

మరుసటి ఏడు ఏప్రిల్‌లో సోమలింగానికి జ్వరం వచ్చింది. మొదట మామూలు జ్వరమే అనుకున్నారు. ఆ తర్వాత నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. పడక కోసం రెండు చోట్ల తిరిగారు. మూడో చోట, పెద్ద సర్కారు దవాఖానాలో, స్ట్రెచర్ మీద తీసుకుని తలుపు మూసేశారు. లోపలికి ఇంటివాళ్లను రానివ్వరు. సుమన చదువుకునే ఫోనే అతని చేతిలో పెట్టారు. పద్మారాణి ఐలమ్మ ఫోన్ అడిగి తెచ్చుకుని, బయట టెంటు కింద, తనలాంటి ఎందరో కూర్చున్న చోట కూర్చుంది.

మధ్యాహ్నం పూట ఫోన్ కలిసేది. ముఖానికి ఆక్సిజన్ మాస్కు, చుట్టూ యంత్రాల రొద. మామూలుగానే వినపడని మనిషి.

"తిన్నవా?" అని ఆమె అడిగింది.

"ఏందీ?"

"తిన్నవా అంటన్న!"

"ఆఁ... గంజి." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "సదువుతన్నవా?"

"సదువుతన్న!" అబద్ధం చెప్పింది. పుస్తకం ముట్టి వారమైంది.

"సైన్... ముప్పై?"

ఆమె చుట్టూ చూసింది. ఎవరో గోడకానుకుని ఏడుస్తున్నారు. ఎవరో టిఫిన్ డబ్బా పట్టుకుని వార్డుబాయ్‌ను బతిమాలుతున్నారు.

"ఒకటి బై రెండు!" అని అరిచింది.

"టాన్ నలభై అయిదు?"

"ఒకటి!"

"టాన్... అరవై?"

"రూట్ మూడు!" ఇంకా గట్టిగా అరిచింది. టెంటులో అందరూ తలలు తిప్పి చూశారు. ఎవరూ నవ్వలేదు. పక్కన కూర్చున్న మరాఠీ ముసలామె ఆమె వీపు మీద చేయి వేసింది.

"మంచిగ సదువు" అన్నాడతను. ఇంకేదో అనబోయాడు. దగ్గు తెర వచ్చింది. "మల్ల జేస్త" అని ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు ఎంతసేపు చేసినా ఫోన్ ఎత్తలేదు. ఎండ నడినెత్తికి వచ్చిన వేళ మైకులో అతని పేరు పిలిచారు. ఆమె లేచి వెళ్లింది. కిటికీ వెనక ఉన్నాయన పీపీఈ సూటులో ఉన్నాడు. మాట తగ్గించి, "బెన్, వో నహీ రహే" అన్నాడు.

ముఖం చూపించలేదు. తెల్లటి ప్లాస్టిక్‌లో చుట్టిన మనిషిని బండిలో ఎక్కించారు. శ్మశానం దగ్గర కూడా చాలా దూరం నుంచే చూడనిచ్చారు. అప్పటికే అక్కడ చోటు లేక ఎన్నో బండ్లు ఆగి ఉన్నాయి. ఎవరో స్వచ్ఛంద సంస్థ కుర్రాళ్లు నిప్పు పెట్టారు. సుమన ఎగిరి ఎగిరి చూడటానికి ప్రయత్నించింది. పద్మారాణి ఆమెను పట్టుకుని నిలబడింది.

ఆ రోజు నుంచి ఆమెను తొలిచింది ఒకటే. ఆఖరిసారి మాట్లాడినప్పుడు నొప్పిగా ఉందా అని అడగలేదు. భయమవుతోందా అని అడగలేదు. నేను బయటే ఉన్నానని చెప్పలేదు. టాన్ అరవై చెప్పింది. ఐలమ్మ ఓదార్చబోతే, "నేనేం ముచ్చట పెట్టిన అవ్వా ఆయనతోని, ఆఖరికి ఏం ముచ్చట పెట్టిన" అని నేల మీద చేత్తో కొట్టుకుంటూ ఏడ్చింది.

మే నెలలో ప్రభుత్వం పదో తరగతి పిల్లలందరినీ పరీక్ష లేకుండానే పాస్ చేసింది. సుమన పాసయింది. ఆ సంగతి ఇంట్లో మెల్లగా, తప్పు చేసినట్టు చెప్పింది. రెండోసారి రాసేవాళ్లకు, ప్రైవేటుగా కట్టినవాళ్లకు మాత్రం ఆ వరం లేదు. వాళ్లు జులైలో రాయాల్సిందే.

పద్మారాణికి రాసే ఉద్దేశం లేదు. ఒకసారి సుమన, కింది అంతస్తులో పదికొచ్చిన పిల్ల ఏదో అడిగితే, త్రిభుజం గీసి చెప్తోంది. "ఎదుటి భుజం" అన్న మాట వినపడగానే పద్మారాణి చేతిలోని చీర అక్కడే వదిలేసి వరండాలోకి వెళ్లిపోయింది. ఆ పిల్ల వెళ్లిపోయేదాకా లోపలికి రాలేదు. సుమన అది చూసింది.

సోమలింగం అన్న బుచ్చిరాములు ఊరి నుంచి ఫోన్ చేశాడు. "ఒక్కదానివి ఆడ ఏం జేస్తవమ్మా? పిల్లను దీస్కోని ఇంటికి రారి. ఈడ బీడీలు చేసుకోవచ్చు. మేమున్నం గద."

"నాకు పరీక్ష ఉన్నది బావా" అంది పద్మారాణి.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు. బుచ్చిరాములు "సరే, పరీక్ష కానీ" అన్నాడు. ఊరికి పోకుండా ఉండటానికి అన్న మాట. అన్నాక రాయక తప్పలేదు.

పరీక్ష హాల్లో దూరం దూరంగా బల్లలు. అందరివీ మాస్కు వెనక ముఖాలు. మీసాలొచ్చిన కుర్రాళ్లు, తనలాంటి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు, నెరిసిన జుట్టాయన ఒకడు. ప్రశ్నపత్రం తిప్పగానే ఆమె కళ్లు త్రికోణమితి దగ్గరే ఆగాయి. ముందు అవే మొదలుపెట్టింది. ఒక గోపురం ఎత్తు కనుక్కోమన్నారు. బొమ్మ గీసింది, కోణం పెట్టింది, ఎదుటి భుజం మీద గీత లాగింది. వేసే ప్రతి అడుగులో ఆ పెద్ద గొంతు వినపడుతోంది. ఆమె తొందరపడలేదు. ఒక లెక్క అయ్యాక మళ్లీ మొదటి నుంచి సరిచూసుకుంది. అక్షరాలు దిద్దింది. పూర్తయితే ఆ గొంతు ఆగిపోతుందన్నట్టు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా రాసింది. అవన్నీ అయ్యాక పెన్ను పెట్టేసి కూర్చుంది. మిగతా ప్రశ్నలు కనపడుతూనే ఉన్నాయి. వాటిల్లో చాలావరకు వచ్చినవే. చెయ్యి లేవలేదు.

హాల్లో తిరుగుతున్న గుజరాతీ టీచరమ్మ వంగి, "బెన్, తబియత్ ఠీక్ ఛే నే?" అని, ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది. పద్మారాణి తలూపింది. గంట కొట్టినప్పుడు కూడా అలాగే కూర్చుని ఉంది.

ఫలితం వచ్చింది. ఫోన్‌లో చూసి సుమన తలెత్తలేదు. "అమ్మా, పోయింది."

"తెలుసు."

మార్కులు చూస్తే ఆమె రాసినవన్నీ సరైనవే. రాయనివే ఎక్కువ. ఆమెకు బాధ కలగలేదు. అదే సుమనను ఎక్కువ భయపెట్టింది.

ఆ నెలలోనే ఒకరోజు గది ఊడుస్తుంటే సుమన సంచి ఒరిగి పుస్తకాలు కింద పడ్డాయి. పదకొండో తరగతి పుస్తకాలు. పద్మారాణి ఒక్కొక్కటి తీసి సంచిలో పెడుతూ ఆగింది. అకౌంట్స్. ఎకనామిక్స్. గణితం లేదు. సైన్స్ పుస్తకం ఒక్కటీ లేదు. పిల్ల చిన్నప్పటి నుంచీ లెక్కల్లో ముందుండేది. సైన్సే తీసుకుందని ఆమె అనుకుంది. దుఃఖంలో పడి అడగనే లేదు.

సాయంత్రం సుమన రాగానే అడిగింది. "ఇదేంది బిడ్డా? సైన్స్ తీసుకోలే?"

"కామర్స్ మంచిదే అమ్మా. మార్కెట్ల జాబ్ జల్దీ దొరుకుతది."

"నాకు గీ కతలు జెప్పకు."

సుమన సంచి దించి గబగబా చెప్పేసింది. "సైన్స్ల రెండేండ్లు గదే సదవాలె అమ్మా. ట్రిగనామెట్రీ మొత్తం. మనకున్నది ఒక్కటే రూము. నేను సదివినప్పుడల్లా నువ్వు బయటకు పోయి నిలబడ్తవ్. రెండేండ్లు నిన్ను బయట నిలబెట్టాల్నా?"

పద్మారాణి మర్నాడు పని మానేసి కూతురిని వెంటబెట్టుకుని బడికి పోయింది. ఆఫీసులో ఉన్న మనిషి మర్యాదగానే మాట్లాడాడు. సీట్లు నిండిపోయాయి, ఇప్పుడు మార్చడం కుదరదు, ముందే రావాల్సింది అన్నాడు. ముందే ఎందుకు రాలేదో ఆమె అతనికి చెప్పలేకపోయింది. ఇంటికి వచ్చేటప్పుడు షేర్ ఆటోలో, ఎదురుగా కొత్తవాళ్లు కూర్చుని ఉండగానే, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సుమన ఆమె చేయి పట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది.

ఇంటికి రాగానే పద్మారాణి పాత పదో తరగతి పుస్తకం తీసింది. చాప జరిపి కూతురి ముందు పెట్టింది.

"సదువు. గా పాఠమే. నేను ఇక్కడ్నే కూసుంట. లేస్తే అడుగు."

"ఒద్దమ్మా."

"సదువు అంటన్న."

సుమన పుస్తకం తెరిచింది. "సమకోణ్ త్రిభుజ్ మే..." అని మొదలుపెట్టింది. ఆ వాక్యం పూర్తి చేసింది. రెండో వాక్యం సగంలో ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అక్కడే ఆగింది. పద్మారాణి కదలకుండా కూర్చునే ఉంది. కదిలింది సుమన. పుస్తకం మీద తల ఆన్చి, "నీ కోసమని అనుకున్న అమ్మా" అంది. "నాతోని గూడ అయితలేదు."

తండ్రి పోయినప్పటి నుంచి పిల్ల అలా ఏడవడం చూడలేదు పద్మారాణి. తన ఏడుపులో తానుండి ఆ పిల్ల ఏడ్వలేదన్న సంగతే గమనించలేదు. దగ్గరికి లాక్కుంది. పేరు పెట్టి పిలుస్తూ ఉండిపోయింది.

సుమన కామర్స్‌లోనే చదివింది. పద్మారాణి ఊరి బయట కడోదరాలో చీరలు మడతపెట్టే కార్ఖానాలో చేరింది. పరీక్షకు మళ్లీ కట్టలేదు. గణితం పుస్తకాన్ని కింది అంతస్తు పిల్ల వచ్చి అడిగితే, ఉంచుకోమని ఇచ్చేశారు.